కాకి ముట్టిన చేప

ఆ రోజు డైరీ పేజీలు నాలుగు ఇప్పటికీ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. విడదీయబోతే చిరుగుతున్నాయి. దగ్గరికి తీసుకుంటే నీచు వాసన ఇంకా వస్తోంది. అందుకే ఇదంతా మళ్ళీ వేరే పుస్తకంలో రాస్తున్నాను.

నాకున్న స్నేహితురాలు ఒక్కతే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్వీట్ షాపు పైన, మూడో అంతస్తులో ఉన్న రీడింగ్ రూమ్‌లో పరిచయం. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ళు కూర్చునే గది అది. ఒక్కొక్కరికీ ఒక చెక్క అర, ఒక ట్యూబ్‌లైటు, ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు. మూడు నెలలు పక్కపక్క అరల్లో కూర్చున్నా ఆమెతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నోట్సు మధ్యలో డైరీ పెట్టుకుని రాసుకుంటుంటే ఒకరోజు చెక్క మీదుగా తల పైకి లేచింది.

"ఏం రాస్తున్నవ్ గంత? పొద్దుగాల సంది చూస్తున్న. పాలిటీల గంతుందా?"

నవ్వొచ్చింది. "ఏం లేదు" అన్నాను. ఆ తర్వాత రోజూ ఆమె అదే అడిగేది, నేను రోజూ ఏం లేదనే అనేదాన్ని. అదే మా పలకరింపు.

మాది వనస్థలిపురం. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. వాళ్ళది నల్గొండ వైపు, మూసీ ఒడ్డున ఒక ఊరు. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటారు. వాళ్ళ నాన్న పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ నడిచే వెళ్ళేవాడట. అది బాటసింగారం పోయాక తెల్లారకముందే ఏదో ఒక ట్రాలీ ఆటో పట్టుకుని వెళ్ళేవాడు. ఆయన్ని నేను నాలుగైదుసార్లు చూశానేమో. చూసిన ప్రతిసారీ చేతిలో ఒక పండు పెట్టేవాడు, ఒకవైపు దెబ్బ తిని మెత్తబడ్డది. "గీ దిక్కు తిను బిడ్డా, గీ దిక్కు మంచిగుంటది" అని వేలితో చూపించి మరీ ఇచ్చేవాడు.

ఆయనకు మూసీకి పోయి గాలం వెయ్యాలని ఉండేది. కూతురికి చిన్నప్పుడు గాలం వెయ్యడం నేర్పింది ఆయనే. పట్నం వచ్చాక ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పోయిన చలికాలమంతా అడుగుతూనే ఉన్నాడట, "ఒక్క ఐతారం పోదాం బిడ్డా, నువ్వు నేను. పొద్దున పోయి పొద్దుమీకి వద్దాం" అని. ఈమె వచ్చే ఐతారం అనేది. చివరికి జనవరిలో ఒక ఆదివారం ఖాయం చేసుకున్నారు. ఆయన రెండు రోజుల ముందే గాలానికి కొత్త దారం కట్టి, కర్రను మంచం కింద పెట్టుకున్నాడు.

ఆ ఆదివారమే నాకు పరీక్ష. సెంటరు ఊరికి ఆ చివర, మేడ్చల్ దాటి ఎక్కడో ఒక కాలేజీ. మూడు బస్సులు మారాలి, దిగాక దారి అడగాలి. కొత్తవాళ్ళను దారి అడగాలంటే నాకు గొంతు పెగలదు. శనివారం సాయంత్రం ఆమెను రీడింగ్ రూమ్ మెట్ల మీద ఆపి, "నువ్వు తోడు రావా? ఒక్కదాన్నే వెళ్ళలేను" అన్నాను. వాళ్ళ నాన్నతో వెళ్ళాల్సిన రోజు అదేనని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వస్త తియ్. నాయినకు ఇంకో వారం అని చెప్త. మూసి ఏడికి పోతది?"

ఆదివారం ఆమె నాతోనే వచ్చింది. ఆ తర్వాతి గురువారం బాటసింగారంలో బత్తాయిల లారీ పక్కన ఆయన కూలబడిపోయాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. పరీక్ష కూడా నేను తప్పాను. ఆ సంగతి నెలల తర్వాత తెలిసింది.

వాళ్ళలో మూడోనాడు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తరిలో వడ్డించి, ఆరుబయట పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషే తృప్తిగా తిని వెళ్ళినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు, ఎవరి మీదో కోపం ఉన్నట్టు. మూడోనాడు మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, బీడీ కట్ట పెట్టారు. కాకి రాలేదు. పదోనాడూ అంతే. పదోనాడు నేనూ అక్కడే ఉన్నాను. కరెంటు తీగ మీద రెండు కాకులు కూర్చుని చూశాయి కానీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. చిన్నపిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. వాళ్ళ మేనత్త అందరికీ వినపడేటట్టే అంది.

"బిడ్డ మీద కోపమున్నది వానికి. ఏదో అడిగిండంట గదా. తీర్చకపాయె."

నా స్నేహితురాలు తల దించుకుంది. నేనూ దించుకున్నాను. నా వైపు ఎవరూ చూడలేదు. చూడడానికి వాళ్ళెవరికీ ఆ ఆదివారం సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు.

తర్వాత నెలల్లోనూ ఆమె నాతో ఆ మాట ఎత్తలేదు. రీడింగ్ రూమ్‌కు వచ్చేది, పుస్తకం తెరిచేది, ఒకే పేజీ మధ్యాహ్నం దాకా తెరిచి ఉండేది. వాళ్ళమ్మ అన్నం సగంలో వదిలేసి లేస్తోందని చెప్పేది. "కాకి తిన్లేదు గదా, అమ్మ ముద్ద నోట్ల పెట్టుకున్నప్పుడల్లా అదే యాదికొస్తదంట" అంది ఒకసారి. నేను ఏదో ఒకటి అనాలి. నాదే తప్పు అనాలి. ఆ ఒక్క మాట డైరీలో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు.

జూన్ మొదట్లో ఒకరోజు చెక్క మీదుగా తల కనిపించింది. "మిరుగం వస్తున్నది" అంది.

మృగశిర కార్తె మొదలయ్యే రోజు ఇక్కడ చాలా ఇళ్ళలో చేప వండుతారు. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందు మొదట్లో చూసినా చేపల బేసిన్లే.

"మిరుగం నాడు చేప లేనిది నాయిన అన్నం ముట్టకపోవు. ఈసారి నేనే మూసిల పట్టి, అమ్మతోని వండిచ్చి పెడ్త. నాయిన గాలంతోనే. గప్పుడు గూడ ముట్టకపోతే..." అక్కడ ఆగిపోయింది. "నువ్వొస్తవా?" అంది.

వస్తానన్నాను. ఇంట్లో మాత్రం కోచింగ్‌లో మోడల్ టెస్ట్ ఉందని చెప్పాను.

పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో కలిశాం. ఆమె చేతిలో వెదురు కర్ర, భుజానికి సంచి. కర్రకు చుట్టిన దారం చివర నీలం రంగు రబ్బరు ముక్క వేలాడుతోంది. నీటి మీద తేలి, చేప కొరికితే మునిగే బెండు అది. వాళ్ళ నాన్న తన పాత హవాయి చెప్పును కోసి చేసుకున్నాడట. బస్సులో కండక్టర్ కర్రను చూసి, "ఏందమ్మా, ఎవలనన్న కొట్టెటందుకు పోతున్రా?" అన్నాడు. "చేపలను" అంది ఆమె. నెలల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి జోకు అది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక బాటసింగారం మార్కెట్ గేటు వచ్చింది. మామిడి లారీలు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. బస్సంతా పండిన వాసన. ఆమె అటువైపు చూడకుండా నా ఒళ్ళో ఉన్న బ్యాగు జిప్పును తీస్తూ వేస్తూ కూర్చుంది. అది దాటాక దిగి షేర్ ఆటో ఎక్కాం. ఆటో దిగాక వరి మళ్ళ గట్ల మీద నడిచాం.

ముందు వాసన వచ్చింది. తర్వాత నది కనిపించింది.

నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఎగువన చిన్న ఆనకట్ట మీంచి దూకే చోట తెల్లటి నురుగు గుట్టలుగా లేచి, గాలికి ముక్కలై, మడిలోకి ఎగిరి పడుతోంది. ఒడ్డున గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు. చుట్టూ పొలాలు మాత్రం కళ్ళు చెదిరే పచ్చదనం. ఆమె గట్టు మీద నిలబడిపోయింది.

"గిట్ల లేకుండె" అంది. "నిజంగనే గిట్ల లేకుండె. నేను గీ నీళ్ళు తాగిన."

బర్రెలు తోలుకుపోతున్న ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు.

"పట్నం పిల్లలా? గా నీళ్ళల్ల కాలు పెట్టకుండ్రి, దురదలు లేస్తయ్."

"చేపలుంటయా తాతా?"

"మార్పులుంటయ్. మోరీల బతికే చేప గది. కుక్కలు గూడ ముట్టయ్."

"కొర్రమట్టలు?"

"ఉంటుండె" అన్నాడు ముసలాయన. "నేను గూడ పడుసోన్నే ఉంటుండె." బర్రెను ఒకటి చరిచి వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో కొరమీను అనేదాన్ని వీళ్ళు కొర్రమట్ట అంటారు. ఆయనకు అదే ఇష్టమట.

మడి గట్టు పక్కన చెంచాతో తవ్వి ఆమె వానపాములు తీసింది. ఒకటి నా అరచేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఎర్రను ముట్టవు, గాలం పట్టవు. నువ్వెందుకొచ్చినవే?"

"తోడు."

"నాకా? చేపలకా?"

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఇంకా కష్టంగా ఉంది. తోడు అన్న మాట జనవరిలో నేను వాడిందే.

ఆమె గాలం విసిరి గొంతుకూర్చుంది. నీలం ముక్క నల్లటి నీళ్ళ మీద నిలబడింది. అప్పుడప్పుడూ నురుగు వచ్చి దాన్ని కప్పేసేది. ఆమె లేచి దారం కదిపి మళ్ళీ కనిపించేటట్టు చేసేది. నేను పక్కన కూర్చుని దాన్నే చూశాను. వాళ్ళ నాన్న గాలం వేస్తే మాట్లాడనిచ్చేవాడు కాదట. దగ్గొస్తే కూడా కండువా నోట్లో కుక్కుకునేవాడట. "నాతోని గూడ సైగలే. ఆకలైతున్నదా అంటే ఇట్ల పొట్ట మీద చెయ్యి పెట్టి చూపెట్టేటోడు" అని ఆమె చెయ్యి పెట్టి చూపించింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది చాలాసేపు.

ఎండ బాగా ఎక్కాక నీలం ముక్క ఒక్కసారిగా మునిగింది. ఆమె లేచి కర్రను వెనక్కి గుంజింది. బరువుగా, నల్లగా, మీసాలతో ఒక చేప గట్టు మీద పడి గిలగిల్లాడింది. ముసలాయన చెప్పిన, మురుగు కాలవల్లో బతికే మార్పు అదే. ఆమె మోకాలితో దాన్ని అదిమిపట్టి, నోరు తెరిచి, గాలం తిప్పి తీసింది.

"చూడు, కొన లోపట్నుంచి బయటికొస్తది. చేప మింగుతది గదా. నాయిన అనేటోడు, గాలాన్ని మనం గుచ్చం, చేపనే గుచ్చుకుంటది అని."

చూశాను. చూసినా నా మనసుకు ఎక్కలేదు. ఆమె మొహంలో వస్తున్న వెలుగునే చూస్తున్నాను నేను.

ఆ వెలుగు ఎంతోసేపు లేదు. చేపను చేతుల్లోకి తీసుకుని వాసన చూసింది. మా సంచిలో తాగడానికి తెచ్చుకున్న పెద్ద సీసా ఉంది. దాని మూత తీసి చేప మీద పోసింది, అరచేత్తో రుద్దింది, మళ్ళీ పోసింది. సీసా ఖాళీ అయింది. మళ్ళీ వాసన చూసింది.

"మోరీ వాసనే. ఇది నాయినకెట్ల పెడ్త?" నా వైపు చూసింది, నేనేదో చెప్తానన్నట్టు. "కాకి గూడ తినది దీన్ని."

ఆమె నది అంచుకు పోయి చేపను వదిలింది. అది కాసేపు కదలకుండా ఉండి, తర్వాత నల్లటి నీళ్ళలోకి జారిపోయింది. ఆమె మళ్ళీ ఎర్రను గుచ్చి, గాలం వేసి, కర్రను రెండు రాళ్ళ మధ్య నిలబెట్టి, తుమ్మచెట్టు నీడలో పడుకుంది. మొహం మీద చున్నీ వేసుకుంది. "ఇగ పడది" అంది చున్నీ లోపల్నుంచి. రాత్రంతా ఆమెకు నిద్ర లేదని నాకు తెలుసు. చాలాసేపు చున్నీ ఎగిరెగిరి పడింది. తర్వాత ఊపిరి నిదానించింది.

నీళ్ళు లేవు. ఖాళీ సీసా పట్టుకుని నేను ఊళ్ళోకి నడిచాను.

నీళ్ళ కోసమే బయలుదేరాను, అది నిజం. కానీ సగం దారిలో ఎదురొచ్చిన ఆడమనిషి చేతిలో చేప ఉంది. ఆమెను ఆపి, "అండీ, చేపలు ఎక్కడ అమ్ముతున్నారు?" అని అడిగాను. అడిగాక తెలిసింది అడిగానని. జనవరిలో దారి అడగలేనని భయపడింది ఇంతకే. ఒక్క వాక్యం.

ఊరి సెంటర్లో టార్పాలిన్ కింద ఒకామె నీలం డ్రమ్ము పెట్టుకుని కూర్చుంది. డ్రమ్ములో కొరమీనులు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతున్నాయి. చెరువులో పెంచినవి. ఒకటి చూపించాను. ఆమె దాన్ని పట్టి, రాయి మీద పెట్టి, తల మీద కొట్టడానికి కర్ర ఎత్తింది.

"వద్దండి" అన్నాను. వినపడలేదు. కర్ర దిగుతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అరే! ఏందమ్మా?"

"అలాగే ఇవ్వండి. ప్రాణంతో."

"పాణంతోనా? పెంచుకుంటవా బిడ్డా? పేరు గూడ పెడ్తవా?" పక్కనున్నవాళ్ళు నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఆమె కవర్లో కాసిన్ని నీళ్ళు పోసి, చేపను వేసి, మూతి కట్టి ఇచ్చింది. దాన్ని బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. కవరుకు ఎక్కడో చిల్లి పడింది. లోపల నా డైరీ ఉంది. ఆ సంగతి ఇంటికెళ్ళేదాకా గుర్తే రాలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె అలాగే పడుకుని ఉంది. మెల్లగా దారం గుంజాను. గాలానికి ఎర్ర అలాగే ఉంది, కదులుతోంది కూడా. దాన్ని ముట్టుకోలేకపోయాను. చేప జిగురుకు జారిపోతోంది. బ్యాగును తొడల మధ్య అదిమిపట్టి, చున్నీతో చేప తలను పట్టుకుని, పై పెదవి మీద గాలం మొన పెట్టి నొక్కాను. మెత్తగా దిగింది. నా వేళ్ళ మీద రక్తం. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆపలేదు. నీళ్ళలోకి వదిలాను. నీలం ముక్క వెంటనే మునిగింది.

"లే! లే! మునిగింది!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆమె చున్నీ విసిరేసి పరుగెత్తుకొచ్చింది. కర్ర గుంజింది. కొరమీను గట్టు మీదికి ఎగిరి పడింది. "కొర్రమట్ట! ఏయ్, కొర్రమట్టనే!" అంటూ మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో పట్టుకుంది. గాలం తియ్యడానికి నోరు తన వైపు తిప్పుకుంది.

అప్పుడు ఆమె ఆగింది. చేప మూతిని చూస్తూ చాలాసేపు అలాగే ఉంది. గాలం తీసింది. గాలానికున్న ఎర్రను వేలితో తీసి నీళ్ళలో వేసింది. చేపను తువ్వాలలో చుట్టింది. నా మొహం వైపు చూడలేదు.

"పోదాం పా" అంది.

అది భక్తి అనుకున్నాను. మనసు నిండిపోయి మాట రావడం లేదనుకున్నాను.

వాళ్ళింటికి చేరేసరికి మబ్బు పట్టింది. చేపను చూసి వాళ్ళమ్మ గడపలోనే కూర్చుండిపోయింది. "మూసిల ఇంక కొర్రమట్టలున్నయా బిడ్డా? మీ నాయిననే పంపిండు. లేకుంటే ఏడిది?" అని చేప తల మీద చెయ్యి వేసి, మనిషిని నిమిరినట్టు నిమిరింది. తర్వాత కొంగు బిగించి లేచింది. బూడిదతో రుద్ది, పొలుసు తీసి, ముక్కలు కోసి, చింతపండు పులుసు పెట్టింది. ఆమె వంట చెయ్యడం నేను ఆ రోజే చూశాను. మెంతులు వేగుతున్నప్పుడు నాతో, "ఉప్పెక్కువ తినేటోడు. వద్దంటే వినకపోవు. ఇయ్యాల వేస్త తియ్" అంది.

మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన మోదుగ విస్తరి వేసి, అన్నం, పులుసు, నడిమి ముక్క వడ్డించారు. పక్కన బీడీ కట్ట. మేం మెట్ల గది దగ్గర నిలబడ్డాం. చుట్టూ డిష్ యాంటెనాలు, ఆరేసిన బట్టలు, దూరంగా మెట్రో రైలు పోతున్న చప్పుడు. వాళ్ళమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. నేను లోపల్లోపల మొక్కుతున్నాను. ఎవరికి మొక్కుతున్నానో తెలియదు. కాకికే కావచ్చు.

ఒక కాకి వచ్చింది. పిట్టగోడ మీద వాలి, తల ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. రెండడుగులు గెంతింది. విస్తరి మీదికి దిగి, అన్నం కాదు, నేరుగా చేప ముక్కనే పొడిచింది.

"తిన్నడు!" వాళ్ళమ్మ గొంతు పగిలిపోయింది. "తిన్నడు బిడ్డా! కోపం పోయింది!" కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. కూతురు తల్లి వీపు నిమురుతూ నిలబడింది. ఆమె కళ్ళు కాకి మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో తడి లేదు.

కింద అందరం తిన్నాం. వాళ్ళమ్మ ఐదు నెలల తర్వాత కంచం ఖాళీ చేసింది, వేళ్ళు నాకింది. నాకు రెండు ముక్కలు వేసింది. నేను ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను. నా స్నేహితురాలు తల ఎత్తకుండా గబగబా తినేసి చెయ్యి కడుక్కుంది. "దీన్ని బస్సెక్కిచ్చొస్త" అని నాతో పాటు బయటికొచ్చింది.

మెట్ల మీద ఆగింది.

"ఏడ కొన్నవ్? ఊర్ల సెంటర్లనా?"

నేను బ్యాగును వెనక్కి జరుపుకున్నాను.

"ఎర్ర అట్లనే ఉండె. గాలం బయట్నుంచి లోపటికి గుచ్చి ఉండె. చేప దానంతట అది గట్ల ఎట్ల గుచ్చుకుంటదే? పొద్దున్నే జెప్పిన గదా నీకు."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"అనబోయిన. అమ్మ యాదికొచ్చింది. అన్నం తింటలేదు గదా." గోడకు ఆనుకుంది. "తిన్నది చూడు ఇయ్యాల. కంచెం నిండ తిన్నది."

నేను చాలా తెలివితక్కువ మాట ఒకటి అన్నాను. "కాకి కూడా తింది కదా."

"తిన్నది. చెరువుల పెంచిన చేపను, నువ్వు కొన్న చేపను, నాయిన పంపిండని తిన్నది. అంటే ఏమన్నట్టు? దానికి నాయిన ఎరుకనా? నేను ఎరుకనా?" ఆమె గొంతు పెంచలేదు. "పొద్దున ఆ మార్పును ఇడిసిపెట్టకుండ ఉండాల్సింది. నేను పట్టింది అదొక్కటే. దాన్నే తెచ్చి పెట్టేదుంటే ముట్టునో ముట్టకపోవునో, ఏదో ఒకటి తెలుస్తుండె. ఇగ రేపు నేను నిజంగ పట్టి పెట్టినా, కాకి తిన్నా, నేను నమ్మ. తినకపోయినా నమ్మ. నాయినను అడిగేటందుకు నాకు గదొక్కటే దారి ఉండె."

పైన వాళ్ళమ్మ ఎవరికో ఫోన్‌లో చెప్తోంది, తిన్నడు వదినా, సక్కగొచ్చి తిన్నడు అని. మేనత్తకే కావచ్చు.

డైరీలో అన్నిసార్లు రాసిన మాట అప్పుడు బయటికి వచ్చింది. "ఆ ఆదివారం నిన్ను ఆపింది నేనే కదా."

ఆమె కాదంటుందని అనుకున్నాను. ఈ ఐదు నెలల్లో ఆ మాట చెప్తున్నట్టు నేను ఊహించుకున్నప్పుడల్లా ఆమె, "ఛ, గట్లనకే" అనేది. ఆ జవాబు నాకు ఎంత కచ్చితంగా తెలుసంటే, దాన్ని కూడా డైరీలో రాసి పెట్టుకున్నాను.

"ఔ" అంది.

అంతే. తర్వాత నన్ను బస్టాప్ దాకా తీసుకెళ్ళింది. వాన మొదలైంది. వనస్థలిపురం బస్సు వచ్చేదాకా నా పక్కనే నిలబడింది, తడుస్తూ. బస్సు ఎక్కాక కిటికీలోంచి చూస్తే వెనక్కి తిరిగి నడుస్తోంది.

ఇప్పటికీ మేం పక్కపక్క అరల్లోనే కూర్చుంటున్నాం. వాళ్ళమ్మ ఒంట్లో కాస్త కండ పట్టిందని విన్నాను. నాకోసం ఒకసారి డబ్బాలో పచ్చడి కూడా పంపింది. నోటిఫికేషన్ వస్తే ఇద్దరం దరఖాస్తు పెడతాం, సెంటర్ ఎక్కడ పడిందో ఒకరికొకరు చెప్పుకోం. నేను డైరీ తీసి రాస్తుంటే చెక్కకు అవతల ఆమె పెన్ను చప్పుడు ఆగడం తెలుస్తుంది. కాసేపు ఎదురుచూస్తాను. తల పైకి రాదు. పెన్ను మళ్ళీ కదులుతుంది.